బూమర్ కోసం ఒక తూటా

పిస్టల్లో తూటా వెనక కొట్టే సూదిని ఎవరో ఆకురాయితో అరగదీశారు.

డెల్మర్ కళ్ళజోడు సర్దుకుని, వంటింటి బల్ల మీద విప్పి పెట్టిన ముక్కల్లోంచి దాన్ని మళ్ళీ ఎత్తి కిటికీ వెలుతురులో చూశాడు. అనుమానం లేదు. విరిగిన కొస గరుకుగా ఉంటుంది. ఇది నున్నగా ఉంది. పని తెలిసిన చెయ్యి తీరిగ్గా అరగదీసినట్టుంది.

పొద్దున మూడుసార్లు మీట నొక్కాడు. మూడుసార్లూ టిక్కుమంది, అంతే.

లోపలి గదిలోంచి మూలుగు వినిపించింది.

“వస్తున్నా, బూమర్. కాస్త ఓర్చుకో తండ్రీ.”

పద్నాలుగేళ్ళ వేటకుక్క. వెనక కాళ్ళు పడిపోయాయి. తిండి మానేసింది. రాత్రీ పగలూ ఒకటే మూలుగు. పక్కింటి వెర్నా రోజూ గిన్నెతో సూపు తెచ్చి చెంచాతో పడుతుంది. కుక్కకు చెంచాతో సూపు! వెర్నాది మరీ పిచ్చి ప్రేమ. సగం మంచం మీద దుప్పటికే పోతుంది. పెళ్ళాం నెల్డా ఉంటే అసలు కుక్కను మంచం ఎక్కనిచ్చేదా? చీపురు తిరగేసేది. చెల్లెలింటికని వెళ్ళిన మనిషి ఎన్నాళ్ళయిందో, రాదు, ఫోనూ చెయ్యదు.

ఈ వెస్ట్ వర్జీనియా కొండల్లో ఎవరి కుక్కను వాళ్ళే సాగనంపాలి. ముక్కూమొహం తెలియని డాక్టరు ఇంజెక్షనుకి అప్పజెప్పి ఇంటికొచ్చెయ్యడం కాదు. డెల్మర్ తండ్రి అలాగే చేశాడు, తాతా అలాగే చేశాడు. చెయ్యి వణికినా సరే, ఆ చెయ్యి నీదే అయ్యుండాలి.

ఆ పిస్టల్ మీద అతనికి గురి. కౌంటీ మైదానంలో పెట్టే తుపాకుల సంతలో నూటెనభై డాలర్లకు కొన్నాడు. తూర్పు యూరప్‌లో ఎక్కడో మూతపడిన ఫ్యాక్టరీది. పేరు పలకడానికి నోరు తిరగదు. అరచేతిలో ఇమిడిపోతుంది గానీ అంతా ఉక్కే. జేబులో వేసుకుంటే ప్యాంటు జారుతుంది. చూసినవాళ్ళంతా నవ్వారు. డెల్మర్ దాన్ని కంచె దగ్గరికి తీసుకెళ్ళి, ఖాళీ బీన్స్ డబ్బాలు వరసగా పేర్చి, నాలుగు రకాల తూటాలతో రెండొందల సార్లు పేల్చాడు. ఒక్కటీ ఇరుక్కోలేదు. ఇరవై అడుగుల నుంచి కాలిస్తే ఏడు తూటాలూ పిడికిలంత చోట దిగాయి. నవ్వినవాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. శుభ్రం చెయ్యమని స్నేహితుడు ఓరిన్‌కిచ్చిన ఒక్క పూట తప్ప, అప్పట్నుంచీ అది అతని జేబు దిగలేదు.

ఇప్పుడు ఇంట్లో అదొక్కటే మిగిలింది. రైఫిలూ లేదు, షాట్‌గన్నూ లేదు. ట్రక్కు తాళాలూ కనబడవు. ఈమధ్య ఇంట్లో వస్తువులకు కాళ్ళొస్తున్నాయి.

ముక్కలన్నీ రుమాల్లో మూటగట్టుకుని, అక్టోబరు చలిలో మైలు దూరం కొండ దిగాడు.

దాణా కొట్టు వెనక ఓరిన్ తుపాకులు బాగుచేసే షాపు. ఇద్దరూ ఒకే బడిలో దెబ్బలు తిన్నవాళ్ళు.

“వచ్చావట్రా! మళ్ళీ ఆ ఇనపదిమ్మె తెచ్చావా?”

“మళ్ళీ ఏంట్రా? ఇవాళేగా తెచ్చాను. ఏ తలమాసినవాడో సూది అరగదీశాడు, చూడు.”

ఓరిన్ చూడలేదు. కాఫీ పోసి అతని ముందు పెట్టాడు.

“కాఫీ ఎవడడిగాడు? కొత్త సూది వెయ్యి.”

“ఆ ఫ్యాక్టరీయే లేదు. ఈ దేశం మొత్తం వెతికినా దాని ముక్క ఒక్కటి దొరకదు.”

“నీ లేత్ మిషను ఎందుకుంది, మొక్కజొన్న ఒలవడానికా? చెక్కు.”

“చెక్కను.”

“పోనీ, ఆ గోడమీదున్నవాటిలో ఒకటియ్యి. సాయంత్రానికి తెచ్చిస్తా. ఎత్తుకుపోతానా?”

“ఇవ్వను, డెల్మర్.”

కోపం రావాల్సింది, డెల్మర్‌కి రాలేదు. స్టూలు మీద కూలబడ్డాడు.

“పొద్దున దాని మొహం మీదికి దుప్పటి లాగానురా. తల తిప్పుకుని నొక్కాను. పేలలేదు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ నొక్కాను. దుప్పటి తీసి చూస్తే నావంకే చూస్తోంది. నోట మాట లేదుగా పాపం, కళ్ళతోనే అడుగుతోంది.” రుమాలు మూటతోనే కళ్ళు తుడుచుకున్నాడు. “ఒక్క తూటా, ఓరిన్. ఇన్నేళ్ళు నా వెంటే తిరిగింది. నేనింకేం అడగను.”

ఓరిన్ తన కప్పులోనూ కాఫీ పోసుకున్నాడు.

“నామీద నమ్మకం లేకపోతే నువ్వే రా. నువ్వే కాల్చు. నేను బయట నిలబడతాను.”

ఓరిన్ చేతిలో కప్పు బల్ల మీద పెట్టబోతే కాఫీ ఒలికింది. తుడవలేదు.

“నీకు తెలుసు,” అన్నాడు డెల్మర్, అతని మొహంలోకి చూస్తూ. “ఎవడు చేశాడో నీకు తెలుసు. నా పిస్టల్‌ని ఎందుకు చంపాడో కూడా తెలుసు. చెప్పరా.”

ఓరిన్ వచ్చి అతని ముందు మోకాళ్ళ మీద కూచున్నాడు. మూట పట్టుకున్న రెండు చేతుల్నీ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

“నేనే అరగదీశానురా, బూమర్‌ని మనిద్దరం ఏప్రిల్లోనే పూడ్చిపెట్టాం, ఆ మంచం మీదున్నది నెల్డా.”