కాస్త నెడితే చాలు

షార్జా అల్ నహ్దా ఫ్లాట్‌లో శ్రీదుర్గ టీవీ కట్టేసి, గ్రహశకలం వార్త చూసి భయపడుతున్న కూతురిని దగ్గరకు తీసుకుంది.

"ఆ గ్రహశకలం మన మీద పడదు తల్లీ. పడేలా ఉన్నా దాన్ని బద్దలు కొట్టక్కర్లేదు. చాలా ఏళ్ల ముందే కాస్త నెడితే చాలు, మనకి దూరంగా వెళ్లిపోతుంది."

వంటింట్లో పాపకు అన్నం కలుపుతున్న పనిమనిషి సువార్తమ్మ లోలోపల నవ్వుకుంది.

ఊరెళ్లి తన కూతురికి తొలి పురుడు పోసి వస్తానని ఒకప్పుడు ఆమె శ్రీదుర్గ కాళ్లు పట్టుకుంది. "నా పాపనెవరు చూస్తారు? ఖలాస్, ఇంక ఆ మాటెత్తకు" అని శ్రీదుర్గ ఆమె పాస్‌పోర్టును బీరువాలో పెట్టి తాళం వేసింది. అప్పటి నుంచి ఆ కూతురు తల్లి ఫోనెత్తడం లేదు.

అంతలో పాప సోఫా మీంచి జారిపడింది. శ్రీదుర్గ చేతులు చాచింది. పాప ఏడుస్తూ ఆమెను దాటుకుని వెళ్లి సువార్తమ్మను వాటేసుకుంది.

"ఇటు రావేంటమ్మా?"

"నీకు పనుంటుందిగా!"

సువార్తమ్మ పాప తల నిమిరింది. పాప అమ్మ కావాలన్న ప్రతిసారీ ఆమె మెత్తగా ఒక్క మాటే చెప్పేది.

"మీ అమ్మగారికి ఖాళీ ఉండదు బంగారం, నేనున్నాగా."

ఆ పురుడు నాటి నుంచి ఆమె పాపను నెట్టింది ఆ కాస్తే.