చేటలో బియ్యం

"తాయీ, ఒక్క నిమిషం కొంగు పట్టు."

తుంగభద్ర డ్యాం గట్టు మీద నిలబడి నీళ్లు చూస్తున్న సరోజినీదేవి ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

ఎదురుగా ఒక ముసలమ్మ. చేతిలో చేట. చేటలో పసుపు కలిపిన బియ్యం, కొబ్బరికాయ, పచ్చ గాజులు, రవికగుడ్డ.

సరోజిని ఒక అడుగు వెనక్కి వేసింది.

వాళ్ల కృష్ణా జిల్లాలో అలాంటి సరంజామా నాలుగు దారుల కూడలిలో కనిపిస్తే జనం చుట్టూ తిరిగిపోతారు. ఎవరి పీడనో దిగదుడిచి పారేశారని లెక్క.

పైగా ఆమెకిప్పుడు ఐదో నెల. ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇదైనా దక్కాలని మొక్కని దేవుడు లేడు.

బయల్దేరేటప్పుడు అత్తగారు చెప్పనే చెప్పింది. "కొత్తచోట ఎవరేమిచ్చినా కొంగు పట్టకు. వాళ్ల పీడ నీ ఒళ్లోకొస్తుంది."

"వద్దు, వద్దు!" అంటూ భర్త చాటుకు వెళ్లిపోయింది.

ముసలమ్మ కదల్లేదు. "ఏ వూరప్పా మీది?"

"ఎమ్మిగనూరు దగ్గర క్యాంపు," అన్నాడు చెన్నకేశవరావు విసుగ్గా. "కోస్తా నుంచి వచ్చి వరి వేస్తున్నాం. అయితే ఏంటి?"

"ఈ కాలవ నీళ్లతోనేనా?"

"మరి ఏ నీళ్లతో? ఆకాశం నుంచి పడతాయా?"

ఆ మాటకు ముసలమ్మ మొహం చేటంత అయింది. "అట్లయితే ఈ బిడ్డకు ఇయ్యాల్సిందే!"

"అడుక్కోవడానికి ఇదో ఎత్తు. పద సరోజా."

నాట్లు అయిపోయాయి. పెళ్లాం మొహంలో నవ్వు చూసి చాలాకాలమైందని చెన్నకేశవరావు ఈ ప్రయాణం పెట్టుకున్నాడు. సరోజిని తల్లి పోయి ఏడాదైంది. ఐదో నెలలో పుట్టింటివాళ్లు చలిమిడి పెడితే కడుపు చల్లగా నిలుస్తుందంటారు. పెట్టే చెయ్యి లేదు. ఆ దిగులు ఆమె ఎవరితోనూ అనలేదు, రాత్రిళ్లు గోడవైపు తిరిగి పడుకునేది.

డ్యాం కింది తోటలో పూలు చూస్తుంటే, చెట్టు వెనక మళ్లీ చేట.

"ఏమండీ, వెంటపడుతోందండీ!"

"పిచ్చిదిలే. అటు చూడకు."

మధ్యాహ్నం ఇద్దరూ కొండ మొదట్లో ఉన్న ఉడుకునీళ్ల బుగ్గ దగ్గరికి వెళ్లారు. డ్యాం నీళ్లు దాని అంచుదాకా వచ్చి ఆగాయి. అటు చన్నీళ్లు, ఇటు పొగలు.

సరోజిని పాదాలు ముంచి, "అబ్బ, ఎంత వెచ్చగా ఉన్నాయో!" అని నవ్వింది.

పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు.

"మా ఊళ్లో బాలింతలకు నీళ్లు కాచే పనే ల్యాకపోయా తాయీ," అంది వెనకనుంచి ముసలమ్మ. "బిడ్డను ఈడికే తెచ్చి పోస్తాంటిమి."

సరోజిని నవ్వు చచ్చిపోయింది.

చెన్నకేశవరావు చుట్టూ చూశాడు. ఎటు చూసినా కొండలూ నీళ్లే. "మీ ఊరా? ఏదీ, చూపించు! గుడిసైనా లేదు ఇక్కడ. ఎవరికి చెబుతావు కల్లబొల్లి కబుర్లు?"

ముసలమ్మ నీళ్లవైపు చూసింది. మెల్లగా వంగి, దోసిట్లో బియ్యం తీసుకుని సరోజిని ఒడిలో పోయబోయింది.

సరోజిని కెవ్వుమంది.

చెన్నకేశవరావు చేటను ఒక్క తోపు తోశాడు. బియ్యం, గాజులు, కొబ్బరికాయ అన్నీ డ్యాం నీళ్ల పాలయ్యాయి.

తిట్టిపోస్తుందనుకున్నారు. శపిస్తుందనుకున్నారు.

"పోనీలే బిడ్డా," అంది ముసలమ్మ, పసుపు బియ్యం మునిగిపోతుంటే చూస్తూ. "యాడికి పోతాయి? ఇంటికే పోయినాయి. నీ కడుపు సల్లగుండనీ."

ఆ దీవెన కూడా సరోజినికి శాపంలాగే వినిపించింది. బస్సెక్కేదాకా పొట్టమీది చెయ్యి తీయలేదు.

బస్సు కదిలాక కండక్టర్ కెంచప్ప టిక్కెట్టు చింపుతూ ఆమె వంక చూశాడు. "కడుపుతో ఉండారు కదమ్మా, సిద్దక్క ఒడి నింపిందా?"

"సిద్దక్కెవరు?"

"చేట పట్టుకొని తిరుగుతాది చూడు, ఆయమ్మే."

"ఆవిడా?" అన్నాడు చెన్నకేశవరావు. "మా మీద ఎవరి పీడో తోలబోయింది. తరిమేశాను."

కెంచప్ప చేతిలో టిక్కెట్టు అట్లాగే ఉండిపోయింది.

"ఎంత పని చేస్తివప్పా! ఆయమ్మ ఊరిపెద్ద గౌడ ఇంటి కోడలు. వాళ్ల ఊరు ఆ నీళ్ల కింద ఉండాది. డ్యాం కట్టినప్పుడు మునిగిపాయ. ఆ ఊరి ఆడబిడ్డ ఎవరు కడుపుతో వచ్చినా, గౌడ ఇంట్లో పుట్టింటి కానుకగా బియ్యంతో ఒడి నింపి పంపేది వాడిక."

"ఇప్పుడు ఊరే లేదు కదా?" అంది సరోజిని.

"అదే కదమ్మా. ఊరు పోయినంక ఆడబిడ్డలు యాడికి వస్తారు? అందుకే కాలవ కింద బతికే ఆడోళ్లు కడుపుతో కనపడితే ఇడిసిపెట్టదు. 'మా ఊరిని ముంచిన నీళ్లు తాగి బతుకుతాండారు, వీళ్లే నా ఊరి బిడ్డలు' అంటాది. కూలికి పోయి తెచ్చుకున్న గింజలే అవి. ఎవురినీ ఏమీ అడగదు."

చెన్నకేశవరావు తన చేతిని చూసుకుని తల దించుకున్నాడు.

"బస్సు ఆపండి!" సరోజిని లేచి నిలబడింది. "ఒక్క గింజైనా తెచ్చుకుంటాను, ఆపండి!"

"ఇంక యాడ ఉంటాదమ్మా? పొద్దు గూకింది. కూర్చో తల్లీ, పడతావు."

బస్సు కొండ మలుపు తిరిగింది. నీళ్లు కనిపించడం మానేశాయి.

సరోజిని ఖాళీ కొంగు రెండు చేతులా పట్టుకుని కూలబడింది. అమ్మతోనే పోయిందని తను ఏడ్చిన పుట్టిల్లు, పొద్దుటి నుంచీ చేట పట్టుకుని తన వెనకాలే తిరిగింది.