మా మక్పేలా

అక్షరాలు యాభై ఆరో ఏట నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఈ కాస్త రాయడానికే పది రోజులు పట్టింది.

ఈస్టరు ముందు రోజు పుష్పవతి అత్తగారి సమాధికి సున్నం వేసి వస్తోంది.

సమాధుల తోట గేటు దగ్గర ఒక ముసలాయన ఆపాడు.

"అమ్మా, నేను పోయాక ఇక్కడ ఆరడుగుల చోటు ఇప్పిస్తారా? మీ ఆయన సంగతి ఉంది గనక మీరు ఒప్పుకుంటేనే అన్నారు పాస్టరుగారు."

"మీరెవరండి?"

"బుల్లిబాబుని. మీ ఊరి కామందు తమ్ముణ్ణి. నందిగామలో ఉంటున్నా. బాప్తిస్మం పొందా. మావాళ్లు గడప తొక్కనివ్వరు."

పుష్పవతి బకెట్టు కింద పెట్టింది.

ఇరవై ఏళ్ల నాడు ఆమె భర్త దేవరాజ్ శవపెట్టెను ఆ కామందే తన పొలం గట్టు మీద ఆపించాడు. పాత సమాధులకు అదొక్కటే దారి. మనుషులు మెడలోతు వాగులో దిగి పెట్టెను నెత్తిన మోశారు.

"మా ఆయన్ని నీళ్లలో మోయించింది మీరేగా?"

"మా అన్నమ్మా."

"అన్నయితే ఏంది, తమ్ముడైతే ఏంది? మీకు ఎకరాలున్నయ్. అక్కడ పడుకోండి."

"అబ్రాహాము కూడా పరదేశిగానే అడిగాడమ్మా, భార్యను పాతిపెట్టుకోడానికి."

"అడిగి, మక్పేలా పొలం వెండి తూచి కొన్నాడు! ఈ తోటా అంతే. మా ఆయన పోయాక పాత పాస్టరుగారు ఊరూరూ చందాలు అడిగి మీవాళ్లకి కట్టారు. ఊరికే ఇచ్చారా ఏంటి?"

ఆయన గేటు లోపలి నేలవంక ఒకసారి చూశాడు.

"మంచిదమ్మా" అని బస్సు కోసం నడిచాడు.

నెల తిరక్కుండా పోయాడు. అన్న వచ్చి చితి పేర్చి కాల్చేశాడు. బూడిద కృష్ణలో కలిపారు.

పుష్పవతి ఆ కబురు పట్టుకుని పాస్టరు జయరాజ్ గారింటికి వెళ్లింది.

"ఇన్నేళ్లకి నా కడుపు చల్లబడిందయ్యగారూ. పిడికెడు మట్టి కూడా దక్కలా ఆయనకి!"

జయరాజ్ గారు నవ్వలేదు. బీరువాలోంచి సమాధుల తోట దస్తావేజు తీశారు.

"అమ్మినట్టు రాశాడు గానీ పైసా పుచ్చుకోలేదు. ఆ చందాలు గోడకీ గేటుకీ పోయాయి. ఊరికే ఇచ్చినట్టు రాస్తే అన్న కోర్టుకెళ్లి లాక్కుంటాడని భయం. బతికున్నన్నాళ్లూ చెప్పొద్దని మా చేత ఒట్టేయించుకున్నాడు."

"ఎవరయ్యగారూ?"

"బుల్లిబాబు. అన్న గెంటేసింది బాప్తిస్మానికి కాదమ్మా. మీ దేవరాజ్‌ని వాగులో మోసిన వారానికే, తన వాటా నేల మన శవాలకి ఇచ్చేశాడని."

— చల్లా జయమణి, 63 ఏళ్లు. ఇప్పుడుండేది జగ్గయ్యపేట.