క్రియ ఏదీ?

సౌజన్య ట్యూషన్‌లో జాలి దొరకదని టెల్కో కాలనీ తెలుగు పిల్లలందరికీ తెలుసు. ఆదివారం మధ్యాహ్నం క్వార్టర్ వరండాలో బోర్డు ఆనించి వాక్యాలు నేర్పుతుంది. వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు. వాళ్ళ తెలుగు చూస్తే ఆమెకు ఒళ్ళు మండుతుంది.

ముందు పింటూ రాసినదాన్ని సౌజన్య పైకి చదివింది.

"నిద్ర లేచాను పళ్ళు తోముకున్నాను సాక్చీ వెళ్ళాము గుప్‌చుప్ తిన్నాను కడుపునొప్పి వచ్చింది..."

చదవడం ఆపి అతనికేసి చూసింది.

"మధ్యలో ఊపిరి తియ్యవేటి? ఎంత పెద్ద బండయినా టాటానగర్ స్టేషన్లో ఆగుతాది. నీ వాక్యం ఎక్కడా ఆగదు. మాట ముగిసిన చోట చుక్క పెట్టు."

పింటూ తల వంచుకుని చుక్కలు పెట్టుకున్నాడు.

తరవాత వంతు గోడవారగా కూర్చున్న హరిప్రసాద్‌ది. అందరిలోకీ వెనకబడింది అతనే. వాక్యం మొదలుపెడతాడు, ముగించడు.

బోర్డు మీద 'నేను ఆటోలో' అని రాసి, పూర్తి చెయ్యమంది సౌజన్య.

"నేను... ఆటోలో..." అని హరిప్రసాద్ ఆగిపోయాడు. మూతి ఒక పక్కకి వంకరపెట్టి గోడకేసి చూశాడు.

"ఆటోలో ఏటి? ఎక్కేవా, దిగేవా, సోనారి ఎయిర్‌పోర్టు విమానంలాగ గాల్లో ఉండిపోయేవా? కర్త ఉంది. క్రియ ఏదీ?"

పిల్లలు కిసుక్కున నవ్వారు.

"మేడమ్, మై బోలూఁ?" అని మోహిత్ చెయ్యెత్తాడు.

"చుప్. తనే చెప్పాలి."

కూతురు శ్వేతను తీసుకెళ్ళడానికి వచ్చిన జగదాంబ గుమ్మంలో నిలబడి అంతా వింది.

"అందరి ముందూ అలాగ ఎకసెక్కాలేటమ్మా? మెల్లగా చెప్పరాదా?"

"మెల్లగా చెప్పీ చూసేనండి. ముద్దుగా అడిగితే కళ్ళు మూసుకుని నిద్రపోతాడు. ఇలాగంటేనే ఆ మాత్రమైనా నోరు విప్పుతాడు."

సౌజన్య మళ్ళీ అతని మీదికి తిరిగింది.

"పింటూని చూడు. చెప్పగానే చుక్కలు పెట్టేడు. నీకు ఒక్క క్రియ దొరకలేదు. సిగ్గేత్తలేదా?"

హరిప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి. ఎడమచేతిలోని పెన్సిల్‌ని నేలకేసి కొట్టాడు.

"నీకు..."

"ఊఁ. నాకేటి?" ఆమె నడుం మీద చేతులు వేసుకుంది.

"నీకు... పాఠం చెప్పడం... రాదు."

శ్వేత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేడమ్‌ని ఇంత మాట అన్నవాళ్ళు ఇంతవరకూ లేరు.

సౌజన్య గబుక్కున బోర్డు వైపు తిరిగిపోయింది. చేతిలో చాక్‌పీసు రెండు ముక్కలైంది.

ఒకప్పుడు ఈ ఊరి తెలుగు పిల్లలందరినీ ఇలాగే ఎకసెక్కాలాడి వాక్యాలు నేర్పిన ఆమె తండ్రి హరిప్రసాద్ మాస్టారు, పక్షవాతంతో మాట పడిపోయాక ముగించిన మొదటి వాక్యం అది.