ముందు వరసలో పిన్ని

"ఆడతానన్నావుగా, ఆడు!" అని కంట్రోలర్‌ని పిన్ని ఒళ్లోకి విసిరాను. అమ్మ పోయాక నాన్న చేసుకున్నావిడ. ఏడాదిగా మా ఇద్దరి మధ్యా పుల్లవిరుపు మాటలే.

అది టీవీలో ఆడే పాతకాలపు యుద్ధం ఆట. గళ్ల మీద సిపాయిలను జరపాలి. వాళ్లకు పేర్లు మనమే పెట్టుకోవచ్చు, కత్తీ డాలూ మనమే తగిలించవచ్చు. చచ్చినవాళ్లు మళ్లీ రారు, ఆ యుద్ధం మొత్తం మొదటినుంచీ ఆడితే తప్ప.

పిన్ని తెరమీది పేర్లు చదివింది. కోటలో తెల్లగుర్రం మీద 'అమ్మ'. అందరికన్నా ముందు, చేతిలో డాలైనా లేకుండా 'పిన్ని'.

"నన్ను ఇక్కడెందుకు నిలబెట్టావ్?"

"ముందు చచ్చేవాళ్ల చోటు అదే."

పిన్ని ఆట మొదలుపెట్టింది. ఏ బటన్ దేనికో తెలియక నొక్కేస్తూ, నేనెన్నడూ కోట దాటించని తెల్లగుర్రాన్ని సరాసరి శత్రువుకి ఎదురుగా దించింది.

"కళ్లెక్కడ పెట్టుకున్నావ్? అమ్మ చచ్చిపోతుంది!" అరిచాను.

"వెనక్కి తేవడం ఎలా?"

"కుదరదు. ఈ వంతుకి దాని నడక అయిపోయింది."

"ఇంకెవరికి మిగిలింది?"

"నీకొక్కదానికే."

పిన్ని ఒక్కో గడీ జాగ్రత్తగా జరిపి, తన పేరున్న సిపాయిని తెల్లగుర్రానికి అడ్డంగా నిలబెట్టింది. శత్రువు కత్తి దూసి కొట్టాడు. తెరమీద 'పిన్ని' ఆరిపోయింది.

"అమ్మకేం కాలేదుగా," అంటూ కంట్రోలర్ నా చేతికిచ్చి లేవబోయింది.

ఆ పేరున్న సిపాయి చావడం నాకు కొత్త కాదు. దానికోసం ఏ యుద్ధాన్నీ మళ్లీ ఆడింది లేదు.

"నిన్నెవరు చావమన్నారు?" అని కసిరి, ఆటను మొదటినుంచీ పెట్టాను. "చూస్తావేం? కూర్చో. ముందు ఆ డాలు తగిలించుకో."