సముద్రం వైపు గోడ

గోడ మళ్ళీ పడింది.

కబురందగానే లస్సాద్ మోటారు సైకిలేసుకుని కెలీబియా నుంచి వచ్చేసరికి, అతని బావ సాదోక్ ఏటవాలు పెరట్లో కూలిన రాళ్ళను ఏరి ఒక పక్కన పేరుస్తున్నాడు. రాత్రి వానకి పెరటి ఇసుక గోడను తోసుకుంటూ కింద సముద్రం ఒడ్డుదాకా జారిపోయింది. అంచున ఉన్న అంజూరపు చెట్టు వేళ్ళు సగం గాలిలో వేలాడుతున్నాయి.

"టీ తాగావా?" అన్నాడు సాదోక్ తలెత్తకుండా.

"టీ సంగతి తర్వాత. ఇది పడడానికి వీల్లేదు బావా. నబ్యూల్ దాకా ఇసుక నేలల్లో గోడలు కట్టినవాణ్ణి. ఒక్కటీ కదల్లేదు. నీ ఇంట్లోనే ఇది మూడోసారి."

"పడింది కదా. మళ్ళీ కడదాం."

"పెళ్ళి భోజనానికి పోదామన్నంత తేలిగ్గా అంటావేంటి? కాఫీ కొట్టు దగ్గర నన్ను చూసి నవ్వుతున్నారు. లస్సాద్ కట్టిన గోడకి ఆనుకుని కూర్చోకండిరా అంటున్నారు."

సాదోక్ నవ్వలేదు. ఇంకో రాయి ఎత్తుకున్నాడు.

లస్సాద్ కిందికి దిగి చూశాడు. గట్టి నేల తగిలేదాకా తవ్వి వేసిన పునాది చెక్కుచెదరలేదు. అడుగు వరసలు కూడా ఉన్నచోటే ఉన్నాయి. గోడను అతను పెరటి వైపుకు కాస్త వాల్చే కట్టాడు. వెనక కంకర పోశాడు. ఇసుక వచ్చి కంకరలో కలవకుండా మధ్యలో నేత పట్టా పరిచాడు. వాన నీళ్ళు బయటికి పోవడానికి అడుగున బారుగా గొట్టాలు పెట్టాడు. నీళ్ళు నిలిచిపోతే ఆ బరువుకి ఎంతటి గోడయినా ఆగదు. వాటికి దారి చూపిస్తే గోడ కట్టినవాడికంటే ఎక్కువకాలం బతుకుతుంది. మరి నీళ్ళు ఎందుకు పోలేదు?

మిగిలిన వరసలో ఒక గొట్టంలోకి వేలు పెట్టాడు. వేలు లోపలికి పోలేదు. ఇనుప చువ్వతో పొడిచి లాగితే బంకమట్టి, దాని వెనక కూరి కూరి పెట్టిన గుడ్డపీలిక బయటికొచ్చాయి. పక్క గొట్టమూ అంతే. ఆ పక్కదీ అంతే.

ఎవడో గిట్టనివాడి పని అనుకుని పళ్ళు కొరికాడు. గుడ్డ విదిలించి చూస్తే నీలం పూలు కనిపించాయి. ఆ పూల పరదా పోయిన పండక్కి అక్క వంటింటి కిటికీకి తనే కొనిచ్చాడు.

వంటింట్లో అక్క హనియా రొట్టెల పిండి పిసుకుతోంది. లస్సాద్ తడిగుడ్డను ఆమె ముందు పడేశాడు.

"ఏంటక్కా ఇది?"

ఆమె ఒకసారి చూసి, మళ్ళీ పిండిలోకి చూపు దించుకుంది. "మెల్లిగా మాట్లాడు. మీ బావ వింటాడు."

"విననీ. ఈ వయసులో ఆయన రాళ్ళు మోసి కడుతుంటే నువ్వు నీళ్ళ దారి మూస్తున్నావా? మతి పోయిందా నీకు?"

"వనీస్ పడవ మునిగిన చలికాలం నీకు గుర్తు లేదా?"

లస్సాద్‌కి గుర్తు లేకేం. అక్క కొడుకు వనీస్ శవం కూడా దొరకలేదు. ఆ చలికాలమంతా సాదోక్ ఒడ్డునే కూర్చున్నాడు. ఒక పొద్దున కట్టుబట్టలతోనే గొంతుదాకా నీళ్ళలోకి నడిచిపోయాడు. వలలు లాగుతున్న జాలర్లు చూసి ఈడ్చుకొచ్చారు.

"తెచ్చి ఈ గడపలో పడుకోబెట్టారు" అంది హనియా. "తినేవాడు కాదు. నా మొహం చూసేవాడు కాదు. ఇంతలో వానకి పెరడు జారింది. లేచి పార పట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం, ఆకలేస్తోంది రొట్టె ఉందా అని అడిగాడురా. తర్వాత నువ్వొచ్చి గోడ కట్టావు. ఎంత బాగా కట్టావో. పని అయిపోయిన మర్నాడే మళ్ళీ ఒడ్డుకి పోయి కూర్చున్నాడు."

"అందుకని..."

"అందుకనే."

"పడ్డ ప్రతిసారీ పెరడు తరిగిపోతోందక్కా. ఇంకొన్ని వానలు పడితే జారేది గోడ కాదు, ఈ వంటిల్లు."

"జారనీ. అప్పటిదాకా మనిషి ఉంటాడు కదా." హనియా చేతి పిండి దులుపుకుని, ఆ గుడ్డ తీసి పొయ్యిలో పడేసింది. తడిగుడ్డ మండలేదు, పొగలు కక్కింది. "ఆయనకి చెప్పనని మాటివ్వు."

లస్సాద్ మాటిచ్చాడు. ఇంకేం ఇవ్వాలో అతనికి తోచలేదు.

పెరట్లోకి వచ్చి అంచున నిలబడ్డాడు. కింద సముద్రం బురద రంగులో ఉంది. నిన్నటిదాకా పెరడుగా ఉన్న ఇసుకను అలలు కొంచెం కొంచెంగా లాక్కుపోతున్నాయి. ఈ గోడను ఎంత బాగా కడితే అంత పాపం, కట్టకపోతే అంతకంటే పాపం. తన చేతుల్లో ఉన్న పనితనం ఎందుకూ కొరగానిదని అతనికి ఆ రోజే తెలిసింది. సాదోక్ అప్పటికే తాడు కట్టి వరస సరిచూస్తున్నాడు. లస్సాద్ అతని కళ్ళలోకి చూడకుండా కొత్త గొట్టాల కట్ట విప్పాడు.

సాదోక్ దగ్గరికొచ్చి, వంటింటి తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఈసారి గొట్టాలు ఇంకాస్త పైకి పెట్టరా. వంగి గుడ్డలు కూరేసరికి మీ అక్కకి నడుము పట్టేస్తోంది."