తెల్లపొడి రాలిన గది

"డ్రిల్లు ఆపు! ఆపమంటున్నానా!"

గుమ్మంలోంచి సైన్సు టీచర్ పెట్టిన కేకకి నిచ్చెన మీదున్న ఎలక్ట్రీషియన్ ఉలిక్కిపడ్డాడు. డ్రిల్లు ఆగింది. సీలింగ్ పలకకి పడిన బెజ్జంలోంచి తెల్లటి పొడి మాత్రం రాలుతూనే ఉంది. పక్కన తిరుగుతున్న ఫ్యాను దాన్ని గదంతా చిమ్ముతోంది.

ఆ పొడి కింద మూడో తరగతి పిల్లలు. భోజనాలు చేసి అప్పుడే వచ్చి కూర్చున్నారు. ఒకడు బల్ల మీది పొడిలో వేలితో పిల్లి బొమ్మ గీస్తున్నాడు. ఇంకొకతె దాన్ని అరచేతిలోకి తీసుకుని ఉఫ్‌మని ఊదబోతోంది.

టీచర్ గొంతులో నవ్వు తెచ్చిపెట్టుకుంది.

"పిల్లలూ, కొత్త ఆట! నోరు మూసుకోవాలి. బట్టలు దులుపుకోకూడదు, పరుగెత్తకూడదు. సంచులు ఎక్కడివక్కడే వదిలేసి పిల్లిలా బయటికి రండి. చప్పుడు చేసినవాళ్లు అవుట్!"

పిల్లలు బుగ్గలు పూరించుకుని, నవ్వాపుకుంటూ ఒక్కొక్కరే వరండాలోకి వచ్చారు.

"ఉత్త సున్నప్పొడే కదా మేడమ్," అన్నాడు ఎలక్ట్రీషియన్ దిగుతూ. "చీపురివ్వండి, ఇట్టే ఊడ్చేస్తా."

"చీపురు ముట్టుకున్నావంటే ఊరుకోను. అది ఆస్బెస్టాస్. ఊడిస్తే కంటికి కనపడని పోగులు గాల్లోకి లేస్తాయి. ఊపిరితిత్తుల్లోకి దిగాయంటే ఇక బయటికి రావు."

అతని మొహం పాలిపోయింది. "నాకు నెలల పిల్ల ఉంది మేడమ్."

"అయితే ముందు బయటికి నడు. ఆ చొక్కాతో మాత్రం ఇంటికెళ్లకు."

"మరి ఫ్యానో? స్విచ్చి ఆ మూలనుంది. నేను ఆపి..."

"నువ్వు కదలకు."

టీచర్ చేతిరుమాలు తడిపి ముక్కుకి అడ్డం పెట్టుకుంది. గదిలోకి వెళ్లి ఫ్యాను ఆపింది. బయటికొచ్చి తలుపు మూసి, గోడకి ఆనుకుంది. ఊపిరి అందడం లేదు.

అప్పటికే హెడ్మాస్టర్ వచ్చేశాడు. "ఏమిటీ గోల? ఆ కప్పు నేను పుట్టకముందు నుంచీ ఉంది. ఎవరికేమైంది?"

"కదిలించనంతకాలం ఫర్వాలేదు సార్. ఇవాళ కదిలించాం."

"ఇవన్నీ మీకెవరు చెప్పారు?"

"ఈమధ్యే చదివాను. దొరికిందల్లా చదివాను."

ఆయన ఇంకేదో అనబోతుండగా ఒక పిల్ల టీచర్ కొంగు లాగింది. "టీచర్, చిట్టెలుక లేదు."

ఏ సందు కనిపిస్తే ఆ సందులో దూరే పిల్లకి తరగతి పెట్టిన పేరది. టీచర్ వరండా ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసింది. లేదు. ఎలక్ట్రీషియన్ తలుపు మీద చెయ్యి వేశాడు. ఆమె అతన్ని పక్కకి తోసి మళ్లీ లోపలికి వెళ్లింది.

చిట్టెలుక ఆఖరి బల్ల కింద ముడుచుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. జుట్టంతా తెల్లగా ఉంది.

"నేను చప్పుడు చెయ్యలేదు టీచర్," అంది గుసగుసగా. "అవుట్ కాదు కదా?"

"కాదమ్మా. నువ్వే గెలిచావు." తన రుమాలు పిల్ల మొహానికి అదిమిపెట్టి, ఎత్తుకుని బయటికి తెచ్చింది.

తలుపు సందులకి టేపు వేశారు. పిల్లల పైబట్టలు విప్పించి సంచుల్లో కట్టేశారు. మొహాలూ చేతులూ తడిగుడ్డతో తుడిచారు.

"పేరెంట్స్‌కి తెలిస్తే మన మీద పడతారు," అన్నాడు హెడ్మాస్టర్ లోగొంతుకతో. "తాళం వేసి ఊరుకుంటే పోలా?"

"తాళం వేద్దాం. వాళ్లకి మాత్రం మనమే చెబుదాం సార్. మీరు చెప్పకపోతే నేను చెబుతాను."

ఆయనే చెప్పాడు. సాయంత్రం గేటు దగ్గర చిట్టెలుక వాళ్లమ్మ టీచర్ రెండు చేతులూ పట్టుకుంది. "నిజం చెప్పండి. నా బిడ్డకేమన్నా అవుతుందా?"

"ఒక్కసారి, అదీ కాసేపు పీలిస్తే ప్రమాదం చాలా తక్కువని ఫోన్‌లో అడిగితే డాక్టరన్నారు. ఏళ్ల తరబడి పీలిస్తేనే ఎక్కువ భయం." చెబుతూనే టీచర్ చూపు పక్కకి తిప్పుకుంది. ఆ తల్లికి అది చూసి ఇంకా భయం వేసింది.

బడికి సెలవులిచ్చారు. ఆస్బెస్టాస్ తొలగించడం తెలిసిన మనుషులు వచ్చారు. ఒళ్లంతా కప్పే తెల్లటి సూట్లు, మొహాలకి బిగుతైన మాస్కులు. గదిని ప్లాస్టిక్ షీట్లతో చుట్టేశారు. గాలిని వడగట్టే యంత్రం పెట్టారు. పలకల్ని నీళ్లతో తడిపి, విరగకుండా ఊడదీసి, రెండేసి పొరల్లో చుట్టి, మూసిన బండిలో పంపేశారు. టీచర్ రోజూ వచ్చి గేటు బయట నిలబడేది. యంత్రం హోరు ఒక్క క్షణం తగ్గినా గేటు ఊచల్లోంచి లోపలికి తొంగిచూసేది.

చివరికి వేరే సంస్థవాళ్లు వచ్చి గాలిని పరీక్షించారు. గది శుభ్రమని తేలింది.

బడి మళ్లీ తెరిచిన రోజు పిల్లలు కొత్త సీలింగ్ కింద గోలగోలగా కూర్చుంటున్నారు. తొలగింపు పని చూసిన సూపర్‌వైజర్ వరండాలో టీచర్ దగ్గర ఆగాడు. పక్కనే హెడ్మాస్టర్ ఉన్నాడు.

"ఆ ఫ్యాను అలాగే తిరిగి ఉంటే ఈ వరస గదులన్నీ మూయాల్సి వచ్చేది మేడమ్. పిల్లల్ని కాపాడారు. కానీ మీ మీద నాకు కోపంగా ఉంది. తడిరుమాలు ఆ పోగుల్ని ఆపదు. అది మీకూ తెలుసు. మరి మిగతావాళ్లని ఆపి రెండుసార్లూ మీరే ఎందుకు వెళ్లారు? ఆ పోగులతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బంటే మీకు భయం లేదా?"

టీచర్ పిల్లల వంక చూసింది.

"నాకది ఇదివరకే వచ్చేసింది సార్."